సేవ సర్టిఫికెట్ కోసమేనా?

కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. అనగానే మన ఇళ్ళలో రెండే మాటలు వినిపిస్తాయి: 'చదువు పాడవుతుంది', 'సర్టిఫికెట్ వస్తే చాలు'. రెండూ పొరపాటే.

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఈ పథకం మొదలైంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దీని నియమం. చదువురాని ఓ ఖాలాకు వితంతు పింఛను దరఖాస్తు నింపి, ఆమె వెంట ఆఫీసుకు వెళ్ళిన విద్యార్థికి ప్రభుత్వం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ అనుభవాన్ని తరగతిలో చర్చకు పెట్టి పాఠంగా మలచవలసింది అధ్యాపకులు. అబ్బాయిలతోపాటు అమ్మాయిలనూ శిబిరానికి పంపవలసింది మనం.

అమల్ లేని ఇల్మ్ ఫలించని చెట్టు. కాలేజీ చదువుకూ ఇదే వర్తిస్తుంది.