అరుగు పగలగొట్టి ఆర్చి కడతారా?

రాజపాళయం వెళ్ళిన ప్రతిసారీ మా వీధిలో ఒక అరుగు తక్కువవుతోంది. ఈసారి మా పాత ఇంటి వంతు. వాటాదార్లు ఫోన్లోనే తేల్చేశారు: ఇల్లు తీసేసి ముందు షాపులు, పైన పోర్షన్లు, గేటుకి ఆర్చి, దానిమీద తాతగారి పేరు. మేము మాత్రం ఒప్పుకోం.

మా రాజులు ఆంధ్రదేశం వదిలి కొన్ని వందల ఏళ్ళయింది. పళయపాళయం, సింగరాజకోట లాంటి పేటలు కట్టుకున్నారు. కోట అంటే బురుజులు కావు. ఇళ్ళ వరసలు, అందరికీ ఒక చావిడి. పెళ్ళి మాటైనా, తగవైనా అక్కడే. చుట్టూ తమిళం ఉన్నా ఇంటి తెలుగు నిలిచింది ఆ చావిళ్ళలో, ఈ అరుగుల మీదే.

మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాం. మాట మాత్రం వేసవి సెలవుల్లో అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని వచ్చింది. షాపు షట్టరు ముందు ఏ అవ్వ కూర్చుంటుంది?

"గోడలు చెమ్మ పట్టాయి కదా" అంటారు. నిజమే. సున్నపు గోడకి సిమెంటు పూసింది మనమే. లోపలి తడి బయటికి పోలేక పెచ్చులూడుతున్నాయి. సిమెంటు గీకేసి మళ్ళీ సున్నం పూయించండి, కప్పు కారే చోట బాగు చేయించండి. వంటిల్లు, బాత్రూము కొత్తగా కట్టుకోండి, మేమేం అడ్డం రాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో మా పనే అది: కొత్తది చేర్చాక పాతది పనిచేస్తోందా లేదా చూడ్డం.

సర్కారు కాపాడుతుందని కూర్చోవద్దు. 1958 నాటి కేంద్ర చట్టం జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలకే. మన అరుగు ఆ లెక్కలోకి రాదు.

పేరు నిలబడాలంటారా? 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా తన ఇంటినే ఊరికిచ్చారు. అదే గాంధీ కళామన్రం అయింది. ఆయన పేరు నిలిపింది ఆ ఇల్లు, ఆర్చి కాదు.

పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరు మీద కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాశాడని గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఊరి పొరుగున బతికిన తెలుగు ఇళ్ళని మాత్రం మన చేత్తోనే కూలుస్తాం. ఇదేం అభిమానమండీ?

హోసూరైనా, బళ్ళారైనా, మీ ఇంటికీ ఇదే గతి రావచ్చు. సంతకం పెట్టేముందు ఒక్క సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళి ఆ అరుగు మీద కూర్చోండి. మా వాటా సంతకం మటుకు మేము పెట్టలేదు. పెట్టం.