బొమ్మ కొన్నారు, పాట పారేశారు

మొన్న తిరుపతిలో ఒక సదస్సుకు వెళ్ళాను. బొమ్మలు వేయడం, నగలు చేయడం, వీడియో తీయడం, సంగీతం కట్టడం - ఈ నాలుగూ ఒక్కడే చేయగల కళాకారుడు మన కాలంలోనే పుట్టాడని వక్త అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక సిగ్గేసింది.

మా రాయలసీమ తోలుబొమ్మలాటగాడి మాటేమిటి? మేకతోలు నానబెట్టి, గీకి, పారదర్శకంగా ఎండబెట్టేది అతనే. దానిమీద రావణుణ్ణి గీసి రంగులద్దేదీ అతనే. కిరీటం, హారాలు, వడ్డాణం - ఇవి రంగుతో వచ్చేవి కావు. ఉలితో ఒక్కొక్క రంధ్రమే కొట్టాలి. వెనకనుంచి వెలుగు పడితేనే ఆ నగ మెరుస్తుంది. వీడియో లేదుగదా అంటారేమో! తెల్లగుడ్డ కట్టి, వెనక దీపం పెట్టి, రంగునీడల్ని తెల్లవార్లూ ఆడించడం మరేమిటి? ఆ నీడలకు గొంతూ అతనిదే, అతని ఇల్లాలిదే. పక్కన హార్మోనియం, మద్దెల, తాళాలు. యుద్ధఘట్టంలో కాలికింద బల్ల దడదడలాడుతుంది.

కళలన్నీ ఒకచోట కలవాలని జర్మన్ సంగీతకర్త వాగ్నర్ 1849లో రాస్తే దాన్ని సిద్ధాంతమంటాం. చేసి చూపినవాణ్ణి మాత్రం హస్తకళల పద్దులో వేస్తాం. ఈ తేడా సౌందర్యశాస్త్రం పెట్టింది కాదు, వర్గం పెట్టింది. చదువుకున్నవాడు నాలుగు పనులు చేస్తే ప్రతిభ. కూలివాడు చేస్తే కులవృత్తి.

గౌరవించలేదా అని అడుగుతారు. నిజమే. నిమ్మలకుంట దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కాని ఆ ఊరి తోలుపని ఇవాళ ఎక్కువగా దీపపు గుడ్డలై, గోడ అలంకారాలై అమ్ముడుపోతోంది. బజారు తోలును కొన్నది, రంగును కొన్నది. పాటను కొనలేదు, ఎందుకంటే అది సంచీలో పట్టదు. శ్రీకాళహస్తి కలంకారీకీ ఇదే గతి. ఒకనాడు రామాయణమంతా గుడ్డమీద పరచి, బొమ్మలకింద తెలుగులో కథ రాసేవారు. జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు గాని, అంగళ్ళలో నడిచేది చీరలే. కథ ఎవరికి కావాలి? ఒకడు కళల్ని కలిపితే మెచ్చుకునే లోకమే, మరొకడి కలిసిన కళల్ని ముక్కలు కోసి అమ్మిస్తోంది.

మనవాళ్ళూ నిర్దోషులు కారు. "పురాణమే గదా, భూస్వామ్య అవశేషం" అన్న మేధావులు మనలోనే ఉన్నారు. వాళ్ళు ఆట చూడలేదని నా అనుమానం. రాముడు తెరమీద ఉండగానే జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి, ఊరి పెద్దల్ని సహా ఎవర్నీ వదలకుండా వెక్కిరిస్తారు. ఆ హాస్యంలో మోటుతనం ఉంది, ఆడవాళ్ళను కించపరిచే మాటలూ ఉన్నాయి; విమర్శించండి, కాదనను. బుర్రకథను ప్రజానాట్యమండలి అలాగే తీసుకొని తిరగరాసుకున్నది. తోలుబొమ్మ దగ్గరికి వచ్చేసరికి మనకెందుకో అంత ఓపిక లేకపోయింది.

నా తరగతిలో దీనిమీద ఏటా ఒక ప్రశ్న ఇస్తాను. విద్యార్థులు చక్కగా రాస్తారు. ఆట చూసినవాళ్ళు చేతులెత్తండంటే ఈసారి ఒక్క చెయ్యి లేచింది.

అందుకే సంఘానికి నాదొక ప్రతిపాదన. వచ్చే మహాసభకు ఒక బొమ్మలాట బృందాన్ని పిలవండి. ఉపన్యాసాల మధ్య అరగంట కాదు, రాత్రంతా. శాలువా దండగ, వాళ్ళడిగిన కూలి ముందే చెల్లించండి.