గుట్ట ఎక్కినవాళ్లే గుట్టకు కాపలా

హైదరాబాద్‌లో పార్కు కట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందు అక్కడున్న బండల్ని పేల్చి చదును చేస్తారు. మట్టి తెచ్చి పోసి, బోరు నీళ్లతో లాన్ పెంచుతారు. అంతా అయ్యాక బోసిగా అనిపిస్తుందో ఏమో, సిమెంటుతో రాళ్లు పోయించి వాటి మధ్య ఫౌంటెన్ పెడతారు. సుమారు 250 కోట్ల ఏళ్ల అసలు రాయి కంకరైపోతుంది, మనం నకిలీ రాయి పక్కన నిలబడి సెల్ఫీ దిగుతాం.

ఈ తంతు చూసి ఊరుకోలేనివాళ్లు కొందరు 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పెట్టుకున్నారు. మాజీ ఐఏఎస్ అధికారి, నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దానికి పెద్దదిక్కుగా ఉండేవారు. ఈ బండల మీద ‘రాకుమెంటరీ’ అనే చిత్రం తీసిందీ ఆయనే. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్ సహా 9 శిలా సముదాయాలు నగరాభివృద్ధి సంస్థ హుడా హయాంలో వారసత్వ జాబితాకెక్కాయి. కోటలు, దేవిడీలు ఉండే జాబితాలో మనిషి చెయ్యి పడని రాయికి చోటు దొరకడం చిన్న విషయం కాదు.

అయినా నన్నడిగితే, ఆ సంఘం చేసిన అసలు పని నడక. నెలకో ఆదివారం, వచ్చినవాళ్లను వచ్చినట్టు వెంటబెట్టుకుని ఏదో ఒక గుట్ట ఎక్కిస్తారు. ఎక్కాక తెలిసే సంగతులు వేరు. గులకరాయితో బండను కొట్టి చూడండి. ఒకచోట ఖంగుమంటుంది, జానెడు పక్కన డొల్లగా మోగుతుంది. అక్కడ పొర ఊడటానికి సిద్ధంగా ఉందన్నమాట. నేలలో ఉన్నప్పుడు పైనున్న బరువు తొలగిపోయి, పగుళ్లలో నీళ్లు దిగి, గ్రానైటు ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతుంది. మూలలు అరిగి గుండవుతుంది. మధ్యలోని మెత్తని మొరం వానలకు కొట్టుకుపోతే, గుండు మీద గుండు నిలుస్తుంది. ఎవరో పేర్చినట్టే ఉంటాయి గానీ, చుట్టూ ఉన్నదంతా పోగా మిగిలినవే అవి.

ఆ సందుల్లో సీతాఫలం చెట్లు మొలుస్తాయి. బండ మీద తొండలు ఎండ కాచుకుంటాయి. రాతి అంచుల్లో గుడ్లగూబలు గుడ్లు పెడతాయి. వానాకాలం నీళ్లు పగుళ్ల వెంట దిగి భూగర్భంలో చేరతాయి. పక్క బండ మీద వరసగా డ్రిల్లు తూట్లు కనిపిస్తే పిల్లలు ఊరుకోరు, ఇవేంటి నాన్నా అని అడుగుతారు. మందు కూరి పేల్చడానికమ్మా అని చెప్పాల్సి వచ్చిన తండ్రి ఆ గుట్టను మునుపటిలా చూడలేడు.

ఇదంతా తీరికున్నవాళ్ల ఆదివారం సరదా అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది. ఇళ్లు కట్టడానికి కంకర కావాలి, రాయి కొట్టి బతికేవాళ్లకు పనీ కావాలి. ప్రతి గుండునూ ఉంచాలని నేననను. కానీ ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చే పని ఇవాళ బిల్డరు చేతిలో ఉంది. అది మారాలంటే, రాయి ఎటు చీలుతుందో చేత్తో తడిమి చెప్పగల వడ్డెర పెద్దలను ఈ నడకలకు కూలి ఇచ్చి మరీ పిలవాలి. వాళ్లకు తెలిసినంత మన ఇంజనీర్లకూ తెలియదు.

కాగితాన్ని నమ్ముకుని కూర్చుంటే ఏమవుతుందో చూశాం. హుడా పోయి హెచ్ఎండీఏ వచ్చింది. ఆ జాబితాకు ఆధారమైన పాత వారసత్వ నిబంధనను ప్రభుత్వం ఎత్తేసింది, 2017లో కొత్త చట్టం తెచ్చింది. నిబంధన మారినప్పుడల్లా రాయి తరఫున మళ్లీ మొదటి నుంచి వాదించాల్సిందే. ఆ వాదించేవాళ్లు ఎక్కణ్నుంచి వస్తారు? 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు ముందుగా అడ్డుపడింది పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు. రోజూ ఆ క్యాంపస్‌లో తిరిగేవాళ్లు, నెమళ్ల అరుపు విని లేచేవాళ్లు. వాళ్లు గొడవ చేశాకే అది దేశమంతటికీ తెలిసింది, ఏప్రిల్ మొదటివారంలో సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

అందుకే అంటున్నాను, ప్రతి కాలనీ సంఘం ఏడాదికి ఒక్క నడకైనా పెట్టాలి. వినాయక చవితి మండపానికి కూడే జనంలో పదోవంతు వచ్చినా చాలు. మీకు దగ్గర్లో ఇంకా మిగిలిన గుట్ట ఏదో కనుక్కోండి. ఎండ ఎక్కకముందే పిల్లల్ని తీసుకెళ్లండి. ఫొటోలు తీయండి, తేదీ వేసి దాచండి. ఆ స్థలం సర్వే నంబరు కూడా రాసిపెట్టుకోండి. జిలెటిన్ మోత వినపడ్డ రోజున సర్కారు ఆఫీసుకు పరిగెత్తితే, కౌంటర్లో గుమాస్తా మొదట అడిగేది ఆ నంబరే.