నల్ల చిరుత పుట్టిన పల్లె

బళ్లో మేం చెప్పే అమెరికా పాఠంలో వాషింగ్టనుంటాడు, లింకనుంటాడు. లౌండ్స్ కౌంటీ ఉండదు. అలబామా రాష్ట్రంలో పత్తి చేల నేల అది. 1965 మొదట్లో అక్కడ జనంలో నూటికి ఎనభై మంది నల్లవాళ్లే. ఓటర్ల జాబితాలో మాత్రం నల్లవాడు ఒక్కడూ లేడు! ఓటు రాయించుకున్న కౌలుదార్లని భూస్వాములు ఇళ్లలోంచి గెంటేశారు. వాళ్లు రోడ్డు పక్కన గుడారాలేసుకున్నారు గానీ ఓటు వదల్లేదు. తెల్ల పెత్తందార్ల పార్టీది కోడిపుంజు గుర్తు. వీళ్లు సొంత పార్టీ పెట్టుకుని నల్ల చిరుతని గుర్తు చేసుకున్నారు. చదువు రానోళ్లకి గుర్తే గదా అక్షరం. 1966లో ఓడారు. 1970లో వాళ్లలోని జాన్ హ్యూలెట్ షెరీఫయ్యాడు, అంటే పోలీసు పెత్తనం చేతికొచ్చింది. ఆ చిరుతే ఓక్లండ్ కుర్రాళ్ల మీదుగా 1972లో బొంబాయి దళిత్ పాంథర్లకి పేరైంది.

షెరీఫ్ మనవాడైతే సరిపోయిందా? ఆ కౌంటీలో ఎన్నో ఇళ్ల దొడ్డి మురుగు పెరట్లోకే పారింది. బంకమట్టి నీళ్లు పీల్చదు, సెప్టిక్ ట్యాంకు కట్టించే స్తోమత పేదోడికి లేదు. కేసులు పెడతామని బెదిరించింది మాత్రం ఆ ఇంటివాళ్లనే! 2023లో కేంద్ర న్యాయశాఖ ఒత్తిడితో రాష్ట్ర ఆరోగ్యశాఖ బాగుచేస్తానని ఒప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం ఆ ఒప్పందం రద్దు చేసింది. నల్లవాళ్ల కోసమని చూసి చేసే న్యాయం అక్రమమట. రిజర్వేషన్ల మీద మనం రోజూ వినే మాటే.