పీహెచ్‌డీ అయ్యాక ఏంటి? ఇందూరు పిల్లలకు పోస్ట్‌డాక్ దారి హైదరాబాద్‌కే ఎందుకు పోతోంది?

- పోస్ట్‌డాక్‌కు స్టైపెండ్ పెరిగింది
- రెగ్యులర్ ప్రొఫెసర్ లేకపోతే ఫెలోషిప్ రాదు
- అప్లై చేసే ముందు ఇవి చూసుకోండి

వర్ని, బోధన్ ఊళ్ల నుంచి బయోటెక్నాలజీ, బోటనీలో పీహెచ్‌డీ దాకా వెళ్లేవాళ్లకు డాక్టరేట్ చేతికొచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది. లెక్చరర్ పోస్టు వెంటనే రాదు. అప్పటిదాకా రీసెర్చ్‌లో నిలబడాలంటే ఉన్న దారి పోస్ట్‌డాక్.

డబ్బులు ఎంత?

కేంద్రం 2023 జనవరి నుంచి రీసెర్చ్ అసోసియేట్ మొదటి స్థాయి స్టైపెండ్‌ను రూ.47 వేల నుంచి రూ.58 వేలకు పెంచింది. పై స్థాయిలో రూ.67 వేలు. హెచ్‌ఆర్‌ఏ అదనం. ఇది కాక నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. ఇంతకుముందు ఎస్‌ఈఆర్‌బీ ఇచ్చేది, ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ చూస్తోంది. రెండేళ్లు ఉంటుంది, ఏడాదికి రూ.2 లక్షల రీసెర్చ్ గ్రాంట్ కూడా వస్తుంది. వయసు 35 దాటకూడదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు.

మెలిక ఇక్కడే

ఈ నేషనల్ ఫెలోషిప్ అభ్యర్థి పేరు మీదే వస్తుంది. కానీ మెంటర్ ఒప్పుకోనిదే అప్లికేషన్ ముందుకు పోదు. ఆ మెంటర్ రెగ్యులర్ పోస్టులో ఉండాలి. కాంట్రాక్ట్ టీచర్ ఎంత బాగా రీసెర్చ్ చేసినా మెంటర్ కాలేరు.

డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ 2006లో వచ్చింది. బయోటెక్నాలజీ, బోటనీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అయితే రాష్ట్ర యూనివర్సిటీల్లో ఖాళీల గోల ఏళ్లుగా నడుస్తోంది. నియామకాల కోసం కామన్ బోర్డు బిల్లును 2022లో అసెంబ్లీ పాస్ చేసినా అది గవర్నర్ దగ్గరే నెలల తరబడి ఆగిపోయింది. ఖాళీ అయిన ప్రతి రెగ్యులర్ పోస్టుతో ఒక మెంటర్ తగ్గినట్టే. అందుకే మనోళ్లు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైపు చూస్తున్నారు.

మనకేంటి నష్టం?

ఒకప్పుడు వర్ని మండలంలోనే ఉన్న రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. 2015లో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరకు రైతు వరి వైపు మళ్లాడు. పంట మారితే తెగుళ్లూ మారతాయి. వాటి మీద పని చేయాల్సింది లైఫ్ సైన్సెస్ వాళ్లే.

అది జరిగే పనేనని ఇప్పటికే రుజువైంది. ఎండాకు తెగులును తట్టుకునే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. సీసీఎంబీ ల్యాబ్, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ పొలం కలిస్తేనే ఆ వంగడం వచ్చింది. మన దగ్గర యూనివర్సిటీ ఉంది, పరిశోధన పొలమూ ఉంది. రెండింటినీ కలిపే యువ సైంటిస్టులు కావాలి. వాళ్లు ఇక్కడ ఉండాలంటే ముందు మెంటర్లు ఉండాలి.

అప్లై చేసేవాళ్లకు

- నోటిఫికేషన్ కోసం ఆగొద్దు. మెంటర్‌తో ముందే మాట్లాడి ప్రపోజల్ రెడీ చేసుకోండి.
- మెంటర్ రిటైర్మెంట్ ఎప్పుడో కనుక్కోండి.
- ప్రాజెక్టు కింద ఆర్‌ఏగా చేరుతుంటే అది ఇంకా ఎన్ని నెలలుందో అడగండి. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోయినట్టే.
- మెంటర్ దగ్గర ఇప్పటికే ఇద్దరు నేషనల్ ఫెలోలు ఉంటే మూడో వాళ్లకు చాన్స్ లేదు.

స్టైపెండ్ పెంచడం ఢిల్లీ చేతిలో ఉన్న పని, అది కొంత జరిగింది. డిచ్‌పల్లిలో రెగ్యులర్ పోస్టులు నింపడం రాష్ట్రం చేతిలో ఉంది. అది జరగనంత కాలం ఇందూరు డాక్టరేట్లు హైదరాబాద్ బస్సు ఎక్కక తప్పదు.