యంత్రమునకును జఠరాగ్ని కలదు

గత మాసమున ఈ పుటలలో కుట్టుయంత్రమును విప్పి నూనె పెట్టు విధమును ముచ్చటించితిమి. ఈ మాసము వాకిట నిలిచియుండు పాత కారును గూర్చి వ్రాయదలంచితిమి. కారు పురుషుల పాలు, వంటయిల్లు స్త్రీల పాలు అని పంచినవారెవ్వరో గాని, రెంటియందును జరుగు పని యొక్కటియే. అది నిప్పును అదుపునందుంచుట. ఆ యదుపు తప్పినచో అచ్చట కూర మాడును, ఇచ్చట యంత్రము మాడును.

ఆయుర్వేదమున జఠరాగ్ని నాలుగు విధములని చెప్పుదురు. మందాగ్ని యన్నమును పచనము చేయజాలదు. తీక్ష్ణాగ్ని దేహధాతువులనే దహించును. విషమాగ్ని యొకనాడట్లు, ఒకనాడిట్లు నడచును. సమాగ్ని యొక్కటియే యారోగ్యము. కారు యంత్రమునకును ఈ నాలుగవస్థలు గలవు. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. తక్కినదానిలో కొంత పొగగొట్టము వెంట పోగా, కొంత యంత్రము చుట్టును ప్రవహించు నీరు గ్రహించి ముందున్న రేడియేటరునకు కొనిపోయి, గాలికి చల్లారి మరలి వచ్చును. అయితే యంత్రము ఇంకను చల్లగానున్నపుడే నీరు రేడియేటరునకు పరుగిడినచో యంత్రమునకు తగిన వేడి చేకూరదు. అందువలన ఆ దారియందొక చిన్న ద్వారపాలకుని నిలిపిరి. వాని పేరే థర్మోస్టాట్.

ఇది యరచేతిలో నిముడు వస్తువు. దీని నడుమ నొక లోహపు బుడ్డి, ఆ బుడ్డిలో మైనము ఉండును. నీరు కాగగా మైనము కరగి యుబ్బి యొక సీలను నెట్టును. అంతట మూత తెఱచుకొని నీరు రేడియేటరునకు సాగును. నీరు చల్లబడగా స్ప్రింగు మూతను మఱల మూయును. దీనికి విద్యుత్తు అక్కఱలేదు, ఒకరి యాజ్ఞ యక్కఱలేదు. మైనముతో పనిచేయు నీ సాధనమును 1930ల దశకమున సెర్జియస్ వెర్నెట్ అనునతడు రూపొందించెను. అంతకు మూడువందల యేండ్లకు పూర్వమే హాలెండు దేశీయుడైన కొర్నెలిస్ డ్రెబ్బెల్ కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెలో వేడిని తనంతట తానే యదుపు చేయు ఏర్పాటు కావించెను. అనగా ఈ విద్య మొదట గ్రుడ్లను కాపాడి, పిదప కార్లకు వచ్చినది.

మా గరికపాడు కృష్ణాజిల్లా మెట్టప్రాంతపు గ్రామము. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు 65వ జాతీయ రహదారిపై, రాష్ట్రపు సరిహద్దున నున్నది. గత వేసవిలో కంటికి శస్త్రచికిత్స చేయించిన మా యత్తగారిని విజయవాడనుండి తీసికొని వచ్చుచుండగా, నందిగామ దాటిన పిమ్మట మా పాత కారు వేడిముల్లు ఎఱ్ఱగీతను తాకినది. కట్టు విప్పని కంటితో ఆమె మిట్టమధ్యాహ్నము తుమ్మచెట్టు నీడను కూర్చుండవలసి వచ్చెను. పిలువగా వచ్చిన పనివాడు బానెట్టు నెత్తి చూచి, “అమ్మగారూ, థర్మోస్టాట్ బిగుసుకుపోయింది. పీకేస్తే సరిపోద్దండి. మన ఎండలకి ఇదెందుకు? అందరికీ అట్టాగే చేస్తన్నాం” అనెను.

మేము బదులు చెప్పకమునుపే మా యత్తగారు, “తలుపు బిగుసుకుపోతే తలుపు బాగుచేయించుకుంటాం గాని, పీకి పారేస్తామటే అమ్మాయ్!” అనిరి. శాస్త్రమంతయు ఆ యొక్కమాటలో నున్నది. ఎండ వాలి, యంత్రము చల్లారిన పిదప నీరు పోసి, నడుమ నడుమ ఆపుచు ఇల్లు చేరితిమి.

ఆ పనివాని మాట మన ప్రాంతమున తఱచుగా వినబడునదే కనుక కొంత విచారింపవలెను. రోహిణికార్తెలో మా యూర ఎండ 45 డిగ్రీలకు చేరు దినములు గలవు. మనకది కొలిమి. కాని 90 డిగ్రీల చెంత పనిచేయవలసిన యంత్రమునకు అదియు చలువయే. ద్వారపాలకుని తీసివేసిన యంత్రము మందాగ్ని పాలగును. పెట్రోలు సరిగా మండదు, ఖర్చు హెచ్చును, నూనెలో చెమ్మయు, మండని పెట్రోలును చేరి లోపలి భాగములు త్వరగా అఱుగును. మఱియొక విశేషము గలదు. కొన్ని యంత్రములలో థర్మోస్టాట్ తెఱచుకొనునపుడే నీటి అడ్డుదారిని మూయును. అట్టివానిలో దానిని తీసివేసినచో వేడినీటిలో కొంత రేడియేటరునకు పోకయే మరలి వచ్చును. చలువకై చేసిన పనియే వేడికి కారణమగును.

రోగమును లక్షణములచే గుర్తింపవచ్చును. ఎంత దూరము నడచినను ముల్లు పైకి రాకున్నచో మూత తెఱచియే బిగుసుకొన్నదని యెంచవలెను. అది మందాగ్ని. కొలది నిమిషములకే ముల్లు ఎఱ్ఱగీతకు పోయి, యంత్రము కాగుచున్నను రేడియేటరు క్రింది గొట్టము చల్లగా నున్నచో మూత మూసికొనియే యున్నదని తోచును. అది తీక్ష్ణాగ్ని. ముల్లు ఎక్కుచు దిగుచు నున్నచో విషమాగ్ని. అయితే నీరు కారుట, పంకాబెల్టు వదులగుట, రేడియేటరు పూడుట, నీటిపంపు చెడుట వలనను ఇట్టి గుణములు కలుగును. కావున సొమ్ము పెట్టుటకు ముందు పరీక్ష చేయవలెను.

ఆ పరీక్షాస్థలము మన పొయ్యియే. మఱల వంటకు వాడని పాతగిన్నెలో నీరు పోసి, థర్మోస్టాటును దారముతో అడుగు తగులకుండ వ్రేలాడదీసి కాచవలెను. దానిపై 82 యనియో 88 యనియో అంకె ముద్రించియుండును. ఆ వేడికి మూత కదలి, మఱి పదిపదునైదు డిగ్రీలకు పూర్తిగా తెఱచుకొనవలెను. నీటి వేడికి తగిన ఉష్ణమాపకమునే వాడవలెను. జ్వరము చూచునది పనికిరాదు, పగులును. అది లేనివారు నీరు తెర్లి మరుగువఱకు చూడవలెను. అప్పటికిని మూత తెఱచుకొనకున్నచో, లేక చల్లారినపిదప మూసికొనకున్నచో అది చెడినట్లే. మా గిన్నెలో నీరు మరుగుచున్నను మూత గోరుమందమైనను తెఱవలేదు. క్రొత్తదాని వెల కొన్ని వందల రూపాయలు మాత్రమే. యంత్రము మాడి పైభాగము వంగిపోయినచో వేలు పోయవలెను.

2014లో తయారీ నిలిచిన అంబాసిడరు, మారుతి 800 వంటి బండ్లు ఇప్పటికిని మన యూళ్లలో తిరుగుచున్నవి. అట్టివానికి ఈ మార్పు ఒక పూట పని. క్రొత్త కార్లలో ఈ భాగము తీగెలతో, మీటలతో చిక్కుపడియుండును గాన వానిని నిపుణులకు విడువవలెను.

మొదటి నియమము ప్రాణరక్షణము. వేడియంత్రపు రేడియేటరు మూత నెన్నడును తీయరాదు. ప్రెషరుకుక్కరునందువలెనే అచ్చట ఒత్తిడివలన నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత తీయగానే యావిరియై ముఖముపై చిమ్మును. రాత్రియంతయు చల్లారనిచ్చి, ఉదయమున బ్యాటరీ తీగె విప్పి పనికి పూనవలెను.

క్రింద పళ్లెరముంచి, రేడియేటరు నీటిని కొంత దింపవలెను. పైగొట్టము యంత్రమును చేరుచోట నుండు చిన్న మూతక్రిందనే పెక్కు పాతబండ్లలో థర్మోస్టాట్ ఉండును. గొట్టపు క్లిప్పును వదులుచేసి, మూత బోల్టులను విప్పవలెను. త్రుప్పు పట్టినవానికి నూనె వేసి కొంతసేపు నానబెట్టవలెను గాని బలము చూపరాదు. విఱిగిన బోల్టు ఒక పూట పనిని వారము పనిగా మార్చును. పాతది ఏ ముఖముగా నున్నదో చూచి జ్ఞాపకముంచుకొనవలెను. మైనపుబుడ్డి యంత్రము వైపునకు నుండవలెను. చిన్న గాలిరంధ్రమున్నచో అది పైకి నుండవలెను. రంధ్రమున గుడ్డ కుక్కి, పాత ప్యాకింగును కొయ్యపలుకతో గీకి, క్రొత్తది వేసి, బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒకవైపే బిగించినచో అల్యూమినియపు మూత పగులును. కుక్కిన గుడ్డను మఱవక తీయవలయునని వేఱుగ చెప్పనక్కఱలేదు.

మా కారు మూత తీయగా లోపల తెల్లని గార కనబడెను. జగ్గయ్యపేట మెట్ట సున్నపురాతి నేల. ఆ రాతియందే పూర్వులు ధనంబోడు స్తూపమునకు శిల్పములు చెక్కిరి. జేమ్స్ బర్జెస్ ఆ స్తూపమును 1882లో పరిశోధించి 1887లో గ్రంథస్థము చేసెను. ఆ రాతినే నేడు సిమెంటు కర్మాగారములు పొడిచేయుచున్నవి. బోరునీరు ఆ సున్నమునే కరగించుకొని మన బిందెలలోనికి తెచ్చుచున్నది. నీళ్లకాగు అడుగున పేరుకొను పెచ్చు యంత్రములోను పేరుకొనును. కావున బోరునీరు పోయక, కూలెంటును డిస్టిల్డు వాటరుతో సగపాలుగా కలిపి పోయవలెను. కలిపియే యమ్మునది కొన్నచో నీరు కలుపనక్కఱలేదు. చల్లని యంత్రమును మూత తీసియే నడపించి, లోని గాలిబుడగలు పోవువఱకు నింపి, పైగొట్టము వేడెక్కుట గమనించి, మూత బిగింపవలెను. మఱునాడు చల్లగానున్నపుడు మట్టమును మఱల చూడవలెను.

తుదకొక హెచ్చరిక. కూలెంటులో నుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యనైన విషము. దింపిన ద్రవమును వాకిట గాని బావిచెంత గాని పారబోయరాదు. పసిపిల్లలును, దూడలును, కుక్కలును తియ్యదనమునకు ఆశపడును. మూతగల డబ్బాలో పోసి, పేరు వ్రాసి, పిల్లల చేతికందని యెత్తున నుంచి, వర్క్‌షాపువారికి అప్పగింపవలెను. మా యింట మావారు స్పానరు పట్టగా, ఈ డబ్బాకు తాళము వేయుపని మేము పుచ్చుకొంటిమి. రెండింటిలో ఏది పెద్దపనియో పాఠకురాండ్రే నిర్ణయింపుడు.