జ్వరం తగ్గింది, పరుగు ఎప్పుడు?

గాలికుంటు తగ్గిన ఎద్దును మరునాడే మడకకు కట్టే రైతు మా తనకల్లు చుట్టుపక్కల ఎక్కడా కనపడడు. గిట్టల పుండ్లు మాని, మేత బాగా తింటున్నా సరే, ఇంకా కొన్నాళ్లు దాన్ని ఊరికే తిప్పుతాడు. తర్వాత ఖాళీ బండికి కడతాడు. ఆ పైన గదా మడక! అదే రైతు కొడుకు పదిరోజులు జ్వరంతో మంచం పట్టి లేస్తే మాత్రం మన దగ్గర రెండే సలహాలుంటాయి. ఇంట్లోవాళ్లు "ఇంగ పరుగులూ గిరుగులూ మానెయ్ నాయనా" అంటారు. స్నేహితులు "ఏం గాదు పా, రెండు రౌండ్లు కొడితే అదే సర్దుకుంటాది" అంటారు. ఈ రెండు మాటలూ తప్పేనని నా అభిప్రాయం.

ఇది కాలక్షేపానికి పరుగెత్తేవాళ్ల సంగతి కాదు. కదిరి నుంచి మదనపల్లె పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. తెల్లవారుజామున ఆ రోడ్డంచున పరుగెత్తే కుర్రవాళ్లు పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో తయారవుతుంటారు. కానిస్టేబులు పరీక్షలో మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. మన రాష్ట్రంలో 6,100 ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలయింది 2024 డిసెంబరు 30న! దాదాపు రెండేళ్లు కాచుకున్నవాడికి, తేదీ చేతికొచ్చిన నెలలోనే జ్వరమొస్తే వాడు దుప్పటి కప్పుకొని పడుకుంటాడా?

నాకైతే ఏ పరీక్షా లేదు. పది కిలోమీటర్ల పరుగు మీద మోజు, అంతే. వైరల్ జ్వరం తగ్గిన వారానికి, హాస్టలు మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడి కళ్లు చీకట్లు కమ్మాయి. ఈసీజీ, ఎకో తీసి, గుండె కండరానికి వాపు వచ్చిందన్నారు. మయోకార్డైటిస్ అట. ఆ పేరు తప్పులేకుండా పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది. మూడు నెలలు పరుగు మాటెత్తొద్దన్నారు.

జ్వరం తెచ్చిన వైరసే ఒక్కోసారి గుండెకూ తగులుకుంటుంది. చాలా జ్వరాల్లో అట్లా జరగదు, భయపడనక్కరలేదు. కానీ తగులుకున్నప్పుడు వొళ్లు విరుచుకొని పరుగెత్తితే గుండె లయ తప్పవచ్చు. యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలకు ఇదొక కారణం. అందుకే ఈ జబ్బు తర్వాత మూడు నుంచి ఆరు నెలలు పోటీలకు దూరంగా ఉండమంటారు.

అట్లాగని శాశ్వతంగా మంచమే మేలా? 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యవంతులైన అయిదుగురు విద్యార్థులను మూడు వారాలు మంచం మీదనే ఉంచి పరీక్షించారు. ప్రాణవాయువును వాడుకొనే వాళ్ల గరిష్ఠ శక్తి నాలుగోవంతుకు పైగా పడిపోయింది. ముప్పయ్యేళ్ల తర్వాత అదే మనుషులను పిలిచి చూస్తే, ముప్పయ్యేళ్ల వయసు తీసుకుపోయిన దానికంటే ఆ మూడు వారాల మంచం తీసుకుపోయిందే ఎక్కువని తేలింది! అయితే మంచం దిగాక ఎనిమిది వారాల శిక్షణతో వాళ్లు పోయినదంతా తిరిగి తెచ్చుకొన్నారు. మొదటికంటే మించిపోయారు కూడా. మానెయ్యమనే పెద్దలకు ఈ సంగతి చెప్పాలి.

పద పదమనే మిత్రులకు చెప్పవలసింది వేరే ఉంది. 2020లో కరోనా వచ్చిన క్రీడాకారుల కోసం బ్రిటన్ వైద్యులు ఒక పద్ధతి రాశారు. కనీసం పది రోజులు విశ్రాంతి. అందులో ఏడు రోజులు మందుల్లేకుండా, ఏ లక్షణమూ లేకుండా గడవాలి. తర్వాత మొదటి మెట్టు పావుగంటకు మించని నడకలాంటి పని. తిరిగి ఆటలోకి దిగడానికి తక్కువలో తక్కువ పదిహేడు రోజులు. ఇదీ గుండె బాగున్నవాడి లెక్కే సుమా!

నా లెక్క ఇంకా పొడుగు. మూడు నెలలయ్యాక ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. ఒక రోజంతా ఛాతీకి చిన్న యంత్రం తగిలించి గుండె లయ చూశారు. ఆ తర్వాతే పావుగంట నడక. కొన్ని వారాలకు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఖరీదైన గడియారమేదీ నా దగ్గర లేదు. ఆయాసం లేకుండా పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. పొద్దున మంచం దిగకముందే మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి లెక్కపెడతాను. మామూలు కంటే పది ఎక్కువుంటే ఆనాడు పరుగు లేదు. ఇంక మా ఎండల సంగతి చెప్పేదేముంది? వొంటిని చల్లబరచడానికే గుండె సగం పని చేస్తుంది. ఎండాకాలం తెల్లారకముందే ముగించాలి.

వీటన్నిటికంటే కష్టమైంది సిగ్గు. "ఏమన్నా, ముసిలోళ్ల మాదిరి నడుస్తాండావే!" అని పిల్లకాయలు దాటిపోతుంటారు. నిజానికి ఆ ముసలివాళ్లు కూడా నన్ను దాటిపోయేవాళ్లే.

ఇందులో కళాశాల చేయగలిగింది కొంత ఉంది. జ్వరమని ఆగినవాణ్ణి "దొంగజ్వరం" అని ఎగతాళి చేయడం మన మైదానాల్లో పాత అలవాటు. ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం, పనికి మించిన ఆయాసం – ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి ఈసీజీ తీయించుకోవాలని మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. పొద్దుటిపూట బయటి వరుసను నడిచేవాళ్లకు వదలాలి. విద్యార్థి సంఘం కొత్త కార్యవర్గం మొదటి సమావేశంలోనే ఈ రెండింటినీ చర్చకు పెట్టవలసిందని అడుగుతున్నాను. సున్నానికీ రంగుకూ అయ్యే ఖర్చు మేం నలుగురం వేసుకొంటాం.